థామస్ హెన్రీ హాలండ్

సర్ థామస్ హెన్రీ హాలండ్ (1868 నవంబరు 22 - 1947 మే 15) బ్రిటిషు భూగర్భ శాస్త్రవేత్త, విద్యావేత్త, పరిపాలకుడు. 1903 నుండి 1909 వరకు జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు అధిపతిగా పనిచేశాడు. గనులలో, ఖనిజ పరిశ్రమలో పనిచేసే వృత్తి నిపుణుల కోసం 1906లో కలకత్తాలో ఏర్పడిన మైనింగ్ అండ్ జియలాజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియాకు ఆయన వ్యవస్థాపక అధ్యక్షుడు. ఈ సంస్థయే తరువాత లోహశాస్త్రాన్ని కూడా తన పేరులో చేర్చుకొని మైనింగ్, జియలాజికల్ అండ్ మెటలర్జికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియాగా ప్రసిద్ధి చెందింది. తూర్పు కనుమలలో విస్తారంగా కనిపించే చార్నకైట్ శిలకు ఆ పేరు పెట్టినది హాలండే. కడప, కర్నూలు, పల్నాడు ప్రాంతాల పురాతన శిలలను కలిపి పురాణ శిలలు అని వ్యవహరించినది కూడా ఆయనే.

బాల్యం, విద్యాభ్యాసం

హాలండ్ ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతానికి చెందిన హెల్‌స్టన్ పట్టణంలో జన్మించాడు. కార్న్‌వాల్ తగరం, రాగి గనులకు శతాబ్దాలుగా పేరుపొందిన ప్రాంతం. అక్కడి గని పనివారు పందొమ్మిదవ శతాబ్దంలో ప్రపంచంలోని అనేక దేశాలకు వలస వెళ్ళారు. హాలండ్ తల్లిదండ్రులు కూడా తరువాతి కాలంలో కెనడాలోని మానిటోబాకు వెళ్ళి వ్యవసాయం చేపట్టారు.

1884లో హాలండ్‌కు లండనులోని సైన్సు కళాశాలలో చదువుకొనేందుకు విద్యార్థి వేతనం లభించింది. ఇదే తరువాత రాయల్ కాలేజ్ ఆఫ్ సైన్స్ అయింది. 1888లో భూగర్భశాస్త్రంలో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడై, కొంతకాలం అక్కడే ఆచార్య జడ్ వద్ద సహాయకునిగా పనిచేశాడు. 1889లో మాంచెస్టరులోని ఓవెన్స్ కళాశాలలో పరిశోధన చేసేందుకు ఫెలోషిప్పు పొందాడు. శిలలను పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించే పద్ధతి అప్పటికి ఇంకా కొత్తది. హాలండ్ ఆ పద్ధతిలో మంచి నైపుణ్యం సంపాదించాడు.

భారతదేశానికి రాక

1890లో హాలండ్ జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో సహాయ సూపరింటెండెంటుగా చేరాడు. అప్పటికి ఆయన వయస్సు 22 సంవత్సరాలు కూడా నిండలేదు. కలకత్తాలోని సర్వే మ్యూజియం, ప్రయోగశాలల బాధ్యతను కూడా ఆయనకు అప్పగించారు. దేశం నలుమూలల నుండి వచ్చే రాళ్ళ, ఖనిజాల నమూనాలన్నీ ఆ ప్రయోగశాలకే చేరేవి. కనుక దేశపు ఖనిజ సంపదపై సమగ్రమైన అవగాహన ఏర్పరచుకొనే అవకాశం ఆయనకు త్వరగానే లభించింది.

ఆ కాలంలో సర్వే అధిపతి విలియం కింగ్. తెలుగు ప్రాంతాలకు కింగ్ పేరు సుపరిచితమైనది. 1871లో ఇల్లందు సమీపంలో బొగ్గు ఉన్నదని గుర్తించినది ఆయనే. ఆ కనుగోలే సింగరేణి గనులకు మూలం. కడప, కర్నూలు శిలాశ్రేణులపై కింగ్ రచించిన గ్రంథం 1872లో వెలువడింది. అనంతరం హాలండ్ చేసిన వర్గీకరణకు ఈ గ్రంథంలోని సమాచారం ఎంతగానో తోడ్పడింది.

చార్నకైట్

దక్షిణ భారతదేశపు కొండలలో నీలి ఆకుపచ్చ ఛాయతో, గట్టిగా ఉండే ఒక శిల కనిపిస్తుంది. మద్రాసు సమీపంలోని సెయింట్ థామస్ మౌంట్, పల్లావరం వద్ద ఉన్న ఈ శిలను హాలండ్ పరిశీలించాడు. కలకత్తాలోని సెయింట్ జాన్ చర్చి ఆవరణలో ఉన్న జాబ్ చార్నాక్ సమాధిపై పరచిన రాయి కూడా ఇదేనని 1893లో ప్రకటించాడు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి అయిన చార్నాక్‌ను కలకత్తా నగర స్థాపకునిగా చాలాకాలం పరిగణించారు. ఆయన పేరు మీదుగానే హాలండ్ ఆ శిలకు చార్నకైట్ అని పేరు పెట్టాడు.

1900లో ఈ శిలాశ్రేణిపై హాలండ్ రచించిన విపులమైన గ్రంథం వెలువడింది. ఈ శిలలు కరిగిన శిలాద్రవం చల్లబడి ఏర్పడినవని ఆయన అభిప్రాయం. వీటిలో అనేకం భూమి లోతున అధిక ఉష్ణోగ్రత, పీడనాలకు లోనై రూపాంతరం చెందినవని తరువాతి పరిశోధకులు నిర్ధారించారు. మూల సిద్ధాంతం మారినప్పటికీ పేరు మాత్రం స్థిరపడింది. అంటార్కిటికా, శ్రీలంక, ఆఫ్రికా, స్కాండినేవియాలలో లభించే ఇటువంటి శిలలను కూడా చార్నకైట్ అనే పిలుస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో కొండపల్లి కొండలు మొదలుకొని విశాఖపట్నం, శ్రీకాకుళం వరకు తూర్పు కనుమలలో ఈ శిల కనిపిస్తుంది.

గోహ్నా సరస్సు

1893లో గఢ్వాల్ హిమాలయాలలో ఒక కొండచరియ విరిగిపడి బిర్హీ గంగ నదికి అడ్డుకట్టగా నిలిచింది. దాని వెనుక గోహ్నా సరస్సు ఏర్పడింది. ఈ అడ్డుకట్టను పరిశీలించేందుకు ప్రభుత్వం హాలండ్‌ను పంపింది. కొండచరియ విరిగిపడడానికి గల కారణాలను, అడ్డుకట్ట స్వభావాన్ని వివరిస్తూ ఆయన నివేదిక సమర్పించాడు. ఇంజనీర్లు దిగువ ప్రాంతానికి తంతి తీగలు వేసి, నది ఒడ్డున ఉన్న ప్రజలను ఎత్తైన ప్రదేశాలకు తరలించారు. 1894 ఆగస్టు 25 రాత్రి అడ్డుకట్ట తెగి పెద్ద వరద వచ్చింది. శ్రీనగర్ (గఢ్వాల్) పట్టణం చాలా భాగం కొట్టుకుపోయినప్పటికీ ప్రాణనష్టం అత్యల్పంగా ఉంది. శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు కలిసి పనిచేస్తే ప్రజల ప్రాణాలు కాపాడవచ్చునని నిరూపించిన తొలి సంఘటనలలో ఇది ఒకటి.

అభ్రకం, మాంగనీసు

హాలండ్ శిలలతో పాటు వాటి ఆర్థిక ప్రయోజనంపై కూడా దృష్టి నిలిపాడు. 1902లో భారతదేశపు అభ్రకం నిక్షేపాలపై ఆయన రచించిన గ్రంథం వెలువడింది. విద్యుత్ పరికరాలలో విద్యున్నిరోధకంగా వాడేందుకు అభ్రకానికి గిరాకీ వేగంగా పెరుగుతున్న కాలమది. హజారీబాగ్ ప్రాంతంతో పాటు నెల్లూరు జిల్లా కూడా అప్పటికే ప్రధాన ఉత్పత్తి కేంద్రంగా ఉండేది. బీహారు అభ్రకం కెంపు ఛాయతోను, నెల్లూరు అభ్రకం ఆకుపచ్చ ఛాయతోను ఉంటుంది. శాస్త్రీయమైన పద్ధతి లేకుండా, అభ్రకం కనబడిన దిక్కుకల్లా త్రవ్వుకుంటూ పోవడం వల్ల ఎంతో ఖనిజం వృథా అవుతున్నదని ఆయన గుర్తించాడు.

విశాఖపట్నం ప్రాంతంలో 1892లో మాంగనీసు త్రవ్వకం మొదలైంది. భారతదేశంలో మాంగనీసు పరిశ్రమకు ఇదే ఆరంభం. హాలండ్ వద్ద పనిచేసిన లూయిస్ లీ ఫెర్మర్ ఈ నిక్షేపాలను సమగ్రంగా పరిశోధించాడు. విజయనగరం సమీపంలోని కోడూరు పేరు మీదుగా అక్కడి శిలలకు కోడురైట్ అని పేరు పెట్టాడు. మధ్య భారతదేశంలోని ఝాబువా ప్రాంతంలో లభించిన ఒక మాంగనీసు ఖనిజానికి 1906లో ఫెర్మర్ తన అధిపతి గౌరవార్థం హాలండైట్ అని నామకరణం చేశాడు. ఈ ఖనిజపు స్ఫటిక నిర్మాణానికి తరువాతి కాలంలో అనుకోని ప్రాముఖ్యం వచ్చింది. అణు వ్యర్థాలలోని సీజియంను బంధించి ఉంచేందుకు రూపొందించిన కృత్రిమ శిలా పదార్థాలలో ఇదే నిర్మాణాన్ని ఉపయోగించారు.

సర్వే అధిపతిగా

1903లో హాలండ్ జియలాజికల్ సర్వే అధిపతిగా నియమితుడయ్యాడు. 1904లో రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యాడు. 1908లో ఆయనకు సర్ బిరుదు లభించింది.

దేశంలో ఏ ఖనిజం ఎంత ఉత్పత్తి అవుతున్నదో అప్పటివరకు సరైన లెక్కలు లేవు. 1898 నుండి 1903 వరకు జరిగిన ఖనిజ ఉత్పత్తిపై హాలండ్ సమగ్రమైన సమీక్షను తయారుచేసి 1905లో ప్రచురించాడు. తరువాత అయిదేళ్ళకు ఒకసారి ఇటువంటి సమీక్షలు వెలువడే సంప్రదాయం ఏర్పడింది. ముడి ఖనిజాన్ని ఎగుమతి చేసి, దాని నుండి తీసిన లోహాలను, రసాయనాలను దిగుమతి చేసుకోవడం భారతదేశానికి నష్టమని ఆయన ఈ సమీక్షలో వివరించాడు. ఖనిజం త్రవ్వడం, లోహం తీయడం, రసాయనాల తయారీ ఒకదానిపై ఒకటి ఆధారపడిన పరిశ్రమలు. ఒకదాని ఉప ఉత్పత్తి మరొకదానికి ముడిసరుకు అవుతుంది. కనుక వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా వర్ధిల్లజాలదని ఆయన వాదన. విశాఖపట్నం ప్రాంతపు మాంగనీసు ముడి ఖనిజంగానే ఓడలకెక్కి విదేశీ ఉక్కు కర్మాగారాలకు చేరుతున్న ఆ రోజులలో ఈ వాదనకు ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది.

ప్రమథనాథ్ బోస్ రాజీనామా

హాలండ్ నియామకం వివాదరహితం కాదు. బెంగాలుకు చెందిన ప్రమథనాథ్ బోస్ (1855 - 1934) లండనులో చదువుకొని 1880లో సర్వేలో చేరాడు. ఉద్యోగంలో హాలండ్ కంటే పదేళ్ళు సీనియరు. అయినప్పటికీ అధిపతి పదవి ఆయనకు దక్కలేదు. తనకంటే చిన్నవాడైన ఆంగ్లేయుని క్రింద పనిచేయడానికి ఇష్టపడక బోస్ 1903లో సర్వే నుండి తప్పుకున్నాడు.

ఆ తరువాత బోస్ మయూర్‌భంజ్ సంస్థానంలో పనిచేస్తూ గోరుమహిసాని కొండలలో గొప్ప ఇనుప ఖనిజ నిక్షేపాలను కనుగొన్నాడు. 1904 ఫిబ్రవరి 24న ఈ విషయాన్ని జంషెడ్జీ టాటాకు లేఖ ద్వారా తెలియజేశాడు. జంషెడ్‌పూరులో టాటా ఉక్కు కర్మాగారం ఏర్పడడానికి ఈ లేఖ దారితీసింది. ముడి ఖనిజాన్ని దేశంలోనే లోహంగా మార్చాలని హాలండ్ సమీక్షలో వ్రాసిన దానిని కార్యరూపంలో పెట్టడానికి తోడ్పడినది, హాలండ్ నియామకం వల్ల సర్వేను విడిచిపెట్టిన బోస్ కావడం గమనార్హం. జియలాజికల్ సర్వేకు భారతీయుడు అధిపతి కావడానికి 1951 వరకు వేచి ఉండవలసి వచ్చింది. ఆ సంవత్సరం ఎం.ఎస్.కృష్ణన్ ఆ పదవిని చేపట్టాడు. కృష్ణన్ తరువాత హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు తొలి డైరెక్టరు అయ్యాడు.

గని నిపుణుల సంస్థ

ఇరవయ్యవ శతాబ్దం ఆరంభానికి భారతదేశంలో గనుల పరిశ్రమ వేగంగా విస్తరిస్తున్నది. 1900 నాటికి బొగ్గు ఉత్పత్తి ఏడాదికి సుమారు 61 లక్షల టన్నులకు చేరింది. రాణీగంజ్, ఝరియా ప్రాంతాలలో కొత్త గనులు తెరుచుకున్నాయి. నిజాం రాజ్యంలో ఇల్లందు వద్ద 1889 నుండి బొగ్గు త్రవ్వుతున్నారు. మైసూరు సంస్థానంలోని కోలారు బంగారు గనులలో తమిళులతో పాటు చిత్తూరు ప్రాంతపు తెలుగువారు కూడా పనిచేసేవారు.

ఉత్పత్తితో పాటు ప్రమాదాలు కూడా పెరిగాయి. 1897లో కోలారులో జరిగిన ప్రమాదంలో 52 మంది, 1899లో బలూచిస్తాన్‌లోని ఖోస్త్ బొగ్గు గనిలో 47 మంది మరణించారు. ఈ దుర్ఘటనల ఫలితంగా 1901లో గనుల చట్టం వచ్చింది. 1902 జనవరిలో కలకత్తా కేంద్రంగా గనుల తనిఖీ కార్యాలయం ఏర్పడింది. అయితే చట్టం, తనిఖీ మాత్రమే సరిపోవు. ఒక గనిలో పైకప్పు ఎందుకు కూలిందో, నీరు ఎలా ముంచెత్తిందో పక్క గని మేనేజరుకు తెలియకపోతే అదే ప్రమాదం అక్కడా జరుగుతుంది. బొగ్గు పొర భూమిలో ఎటు వంగిందో భూగర్భ శాస్త్రవేత్తకు తెలుసు. దానిని త్రవ్వడంలోని కష్టం గని ఇంజనీరుకు తెలుసు. వీరిద్దరూ కలుసుకొనే వేదిక లేదు.

ఈ లోటును తీర్చేందుకు 1906 జనవరి 16న కలకత్తాలో మైనింగ్ అండ్ జియలాజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. హాలండ్ దానికి మొదటి అధ్యక్షునిగా ఎన్నికయ్యాడు. గని ఇంజనీర్లు, మేనేజర్లు, భూగర్భ శాస్త్రవేత్తలు ఒకే సంస్థలో సభ్యులు కావడం దీని విశేషం. సభ్యులు తమ అనుభవాలను వ్యాసాలుగా సమర్పించడం, వాటిపై చర్చ జరగడం, ఆ వ్యాసాలను సంపుటాలుగా ప్రచురించడం సంస్థ ముఖ్యమైన పనులు. ఒక వ్యక్తి అనుభవంగా మిగిలిపోయే విషయం ఈ విధంగా వృత్తి మొత్తానికి చెందిన జ్ఞానంగా మారింది.

ఇది వృత్తి నిపుణుల సంస్థయే గాని కార్మిక సంఘం కాదు. గనిలో దిగి పలుగు పట్టే కూలీలకు ఇందులో స్థానం లేదు. తొలినాళ్ళలో గనుల నిర్వహణలో ఉన్నత పదవులన్నీ యూరోపియనుల చేతిలోనే ఉండేవి. దేశంలోనే గనుల విద్యను నేర్పే ప్రభుత్వ కళాశాల కావాలని భారత జాతీయ కాంగ్రెస్ 1901లోనే తీర్మానించింది. కాని ఆ కోరిక నెరవేరడానికి పాతికేళ్ళు పట్టింది.

పురాణ శిలలు - పల్నాడు

అధ్యక్ష హోదాలో హాలండ్ చేసిన ఉపన్యాసం భారతదేశపు శిలల వర్గీకరణకు సంబంధించినది. ఇది సంస్థ తొలి సంపుటంలో వెలువడింది. యూరపులో శిలల వయస్సును వాటిలోని శిలాజాల ఆధారంగా నిర్ణయించేవారు. భారతదేశంలో వేల అడుగుల మందం గల అనేక శిలాశ్రేణులలో అటువంటి శిలాజాలు కనబడవు. కనుక వాటిని యూరపు పట్టికలో ఇరికించడం తగదని హాలండ్ భావించాడు. భారతదేశపు శిలలను ఆర్కియన్, పురాణ, ద్రావిడ, ఆర్య అనే నాలుగు వర్గాలుగా విభజించాడు. పేర్లలో మూడింటిని భారతీయ పదాల నుండే తీసుకున్నాడు.

ఆర్కియన్ శిలలు అన్నిటికంటే ప్రాచీనమైనవి. వాటిపై దీర్ఘమైన కాలవ్యవధి తరువాత పరచుకొన్న పొరలు పురాణ శిలలు. కడప, కర్నూలు, వింధ్య శ్రేణులు ఈ వర్గంలోకి వస్తాయి. ఈ రెండు వర్గాల మధ్య గల అంతరాన్ని తిరుమల ఘాట్ రోడ్డులో నేటికీ చూడవచ్చు. అక్కడ క్రింద గ్రానైటు, దానిపై క్వార్ట్‌జైటు పొరలు ఉన్నాయి. ఈ రెండింటి మధ్య సుమారు 80 కోట్ల సంవత్సరాల కాలం గడిచింది. ఈ ప్రదేశాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారక చిహ్నంగా గుర్తించారు. ద్రావిడ, ఆర్య అనే పేర్లు క్రమంగా వాడుక నుండి తొలగిపోయాయి. పురాణ అనే పేరు మాత్రం శాస్త్రగ్రంథాలలో నిలిచింది. శిలల వయస్సును రేడియోధార్మికత ద్వారా నిర్ణయించే పద్ధతి వచ్చాక, కడప శ్రేణిలోని కొన్ని అగ్నిశిలల వయస్సు సుమారు 190 కోట్ల సంవత్సరాలని తేలింది.

పల్నాడు ప్రాంతం ఈ పురాణ శిలల విస్తీర్ణంలో ఈశాన్య భాగం. మాచర్ల, దాచేపల్లి, పిడుగురాళ్ళ ప్రాంతాలలోని సున్నపురాయి కర్నూలు శ్రేణికి చెందినది. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు, మాచర్ల, దాచేపల్లి పరిసరాల సిమెంటు కర్మాగారాలకు ఈ రాయే ఆధారం.

ఈ ప్రాంతపు గనుల చరిత్ర ఇంకా ప్రాచీనమైనది. పల్నాడు జిల్లాలో అచ్చంపేటకు పొరుగున, కృష్ణానది ఒడ్డున ఉన్న కొల్లూరు ఒకప్పుడు ప్రపంచ ప్రసిద్ధి చెందిన వజ్రాల గని. పదిహేడవ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ ఈ గనిని దర్శించాడు. అక్కడ దాదాపు 60,000 మంది పురుషులు, స్త్రీలు, పిల్లలు పనిచేస్తున్నట్లు ఆయన వ్రాసాడు. కోహినూరు వజ్రం ఇక్కడే లభించిందని ప్రతీతి. అంతమంది శ్రమించినప్పటికీ అక్కడి పనివారి నైపుణ్యం, అనుభవం వ్రాతరూపంలో తరువాతి తరాలకు అందలేదు. నది ఒండ్రు క్రింద కంకర పొరను ఎలా గుర్తించేవారో, గుంటలలో ఊరిన నీటిని ఎలా తోడేవారో తెలుసుకొనేందుకు ప్రధానంగా విదేశీ యాత్రికుల రచనలపైనే ఆధారపడవలసి వస్తున్నది. గని పనిలో పొందిన అనుభవాన్ని నమోదు చేసే సంస్థ ఉండటానికి, లేకపోవడానికి మధ్య గల తేడాను కొల్లూరు చరిత్ర స్పష్టం చేస్తుంది. కొల్లూరు గని ప్రాంతం పులిచింతల జలాశయంలో మునిగిపోయింది.

పారిశ్రామిక కమిషను

1909లో హాలండ్ సర్వేను విడిచి మాంచెస్టరు విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర ఆచార్యునిగా చేరాడు. 1913లో లండను జియలాజికల్ సొసైటీ ఆయనకు బిగ్స్‌బీ పతకాన్ని ప్రదానం చేసింది.

మొదటి ప్రపంచ యుద్ధం ఆయనను తిరిగి భారతదేశానికి రప్పించింది. 1916లో ప్రభుత్వం నియమించిన భారత పారిశ్రామిక కమిషనుకు ఆయన అధ్యక్షుడు. మదనమోహన మాలవ్యా, దొరాబ్జీ టాటా, రాజేంద్రనాథ్ ముఖర్జీ, ఫజల్‌భాయ్ కరీంభాయ్ కమిషనులోని భారతీయ సభ్యులు. మద్రాసు రాష్ట్రంలో పరిశ్రమల అభివృద్ధికి కృషి చేసిన ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ కూడా ఇందులో సభ్యుడు. యుద్ధకాలంలో సైన్యానికి అవసరమైన వస్తువుల ఉత్పత్తిని పర్యవేక్షించేందుకు 1917లో ఏర్పడిన మ్యునిషన్స్ బోర్డుకు కూడా హాలండే అధ్యక్షత వహించాడు.

కమిషను నివేదిక 1918లో వెలువడింది. పరిశ్రమల విషయంలో ప్రభుత్వం చేతులు ముడుచుకొని కూర్చోకుండా క్రియాశీలంగా వ్యవహరించాలని అది సూచించింది. ప్రతి రాష్ట్రంలోను పరిశ్రమల శాఖను ఏర్పాటు చేయాలని, సాంకేతిక విద్యను విస్తరించాలని, గనుల విద్యకు ఉన్నత స్థాయి పాఠశాల నెలకొల్పాలని సిఫారసు చేసింది. మాలవ్యా ఈ నివేదికకు ప్రత్యేకంగా అసమ్మతి పత్రాన్ని జతచేశాడు. బ్రిటిషు పాలనలో భారతీయ పరిశ్రమలు ఎలా క్షీణించాయో అందులో వివరించి, భారతీయులకు మరింత విస్తృతమైన అవకాశాలు కల్పించాలని కోరాడు.

ఈ సిఫారసులలో చాలా భాగం అమలుకు నోచుకోలేదు. కాని గనుల విద్య విషయంలో ఫలితం దక్కింది. 1926 డిసెంబరు 9న ధన్‌బాద్‌లో ఇండియన్ స్కూల్ ఆఫ్ మైన్స్ ప్రారంభమైంది. గని ఇంజనీరు, భూగర్భ శాస్త్రవేత్త కావడానికి భారతీయ విద్యార్థికి స్వదేశంలోనే ఉన్నత స్థాయి శిక్షణ లభించింది. 2016లో ఈ సంస్థకు ఐఐటి హోదా వచ్చింది.

పదవీత్యాగం

1920లో హాలండ్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడయ్యాడు. పరిశ్రమలు, మ్యునిషన్స్ శాఖలు ఆయన ఆధీనంలో ఉండేవి. మ్యునిషన్స్ బోర్డును మోసగించారన్న ఆరోపణపై కలకత్తాలో కొందరు వ్యాపారులపై నడుస్తున్న కేసును 1921లో ఆయన శాఖ ఉపసంహరింపజేసింది. విచారణ కొనసాగితే వాణిజ్య రంగానికి హాని కలుగుతుందని ఆయన భావించాడు. ధనవంతులకు ఒక న్యాయం, సామాన్యులకు మరొక న్యాయమా అని పత్రికలు, ప్రజలు తీవ్రంగా విమర్శించారు. వైస్రాయి లార్డ్ రీడింగ్ ఈ చర్యను సమర్థించలేదు. హాలండ్ తన పదవికి రాజీనామా చేసి ఇంగ్లండుకు తిరిగి వెళ్ళాడు. భారతదేశంతో ఆయనకున్న మూడు దశాబ్దాల అధికారిక అనుబంధం ఈ విధంగా ముగిసింది.

చివరి దశ

1922లో హాలండ్ లండనులోని ఇంపీరియల్ కాలేజీకి రెక్టరుగా నియమితుడయ్యాడు. తాను విద్యార్థిగా ప్రవేశించిన కళాశాల అప్పటికి ఇందులో భాగమైంది. 1929 నుండి 1944 వరకు ఎడింబరో విశ్వవిద్యాలయానికి ప్రిన్సిపాల్‌గా, వైస్ ఛాన్సలరుగా పనిచేశాడు. 1929లో దక్షిణాఫ్రికాలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సమావేశాలకు అధ్యక్షత వహించాడు.

ఈ కాలంలో ఆయన ఖనిజాలకు, యుద్ధానికి గల సంబంధాన్ని గురించి విశేషంగా ఆలోచించాడు. ఆధునిక యుద్ధానికి అవసరమైన ఖనిజాలన్నీ ఏ ఒక్క దేశంలోను లభించవు. కనుక దురాక్రమణకు పాల్పడే దేశానికి మిగిలిన దేశాలు ఖనిజాల సరఫరాను నిలిపివేస్తే యుద్ధం కొనసాగదని ఆయన ప్రతిపాదించాడు. ఈ విషయమై 1935లో ఒక పుస్తకం ప్రచురించాడు. దేశాలు ఈ మార్గాన్ని సమష్టిగా అనుసరించకుండానే రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది.

హాలండ్ 1896లో ఫ్రాన్సెస్ మాడ్ చాప్‌మన్‌ను వివాహమాడాడు. వారికి ఒక కుమారుడు, ఒక కుమార్తె. ఆమె 1942లో మరణించింది. 1946లో ఆయన హెలెన్ వెరాల్‌ను వివాహం చేసుకున్నాడు. 1947 మే 15న, భారతదేశానికి స్వాతంత్ర్యం రావడానికి మూడు నెలల ముందు, ఇంగ్లండులోని సర్బిటన్‌లో మరణించాడు.

ప్రాముఖ్యత

హాలండ్ జీవితంలో రెండు పరస్పర విరుద్ధమైన అంశాలు కనిపిస్తాయి. భారతీయులకు ఉన్నత పదవులను నిరాకరించిన వ్యవస్థలో ఆయన అగ్రస్థానాన్ని అందుకున్నాడు. అదే సమయంలో, ఏ ఒక్క వ్యక్తిపైనా, జాతిపైనా ఆధారపడకుండా నిలిచే వృత్తి సంస్థకు పునాది వేశాడు. యూరోపియనుల ప్రాబల్యంతో మొదలైన ఆ సంస్థ క్రమంగా భారతీయ గని ఇంజనీర్ల, భూగర్భ శాస్త్రవేత్తల, లోహశాస్త్రవేత్తల సంస్థగా మారింది. సంస్థ నిర్వహించే హాలండ్ స్మారకోపన్యాసం ఆయన పేరును గుర్తుచేస్తుంది.

తెలుగు ప్రాంతాలలో నెల్లూరు అభ్రకం, విజయనగరం ప్రాంతపు మాంగనీసు, పల్నాడు సున్నపురాయి, సింగరేణి బొగ్గు ఈ వృత్తికి చెందినవారికి నాటి నుండి కార్యక్షేత్రాలుగా ఉన్నాయి. జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ప్రధాన కార్యాలయం, జియలాజికల్ సర్వే దక్షిణ ప్రాంతీయ కార్యాలయం, ఆ సర్వే శిక్షణ సంస్థ హైదరాబాదులో ఉన్నాయి. భారతీయ భూగర్భశాస్త్ర విద్యార్థులు చార్నకైట్, పురాణ అనే పదాలను పాఠ్యాంశాలుగా చదువుకుంటారు. వీటిలో మొదటిది కలకత్తాలోని ఒక సమాధి రాయి నుండి వచ్చింది. రెండవది గని నిపుణులు తమ కోసం ఏర్పరచుకొన్న సంస్థ వేదిక నుండి వచ్చింది.